అమ్మ ప్రార్థన

ఉదయగిరి, 1953

అన్నయ్యకు, ఆత్మకూరులో మీ అందరికీ ప్రభువు తోడు కోరుతూ చెల్లెలు.

నిన్న అమ్మ దగ్గరికి వచ్చాను. నాయన పోయినప్పటినుంచి అమ్మ రోజంతా ప్రార్థనలోనే ఉంటోందని, భంగం చేయకూడదని సంఘంవాళ్లు సంగటి గడప దగ్గర పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతున్నారట. పాస్టరుగారు అమ్మ భక్తిని గుడిలో మెచ్చుకున్నారు కూడా. నేనూ గడప దగ్గర ఆగి విన్నాను. అది ప్రార్థన కాదన్నయ్యా! "రాహేలమ్మా, ఒక్కతూరి రామ్మా" అంటూ ఇరుగుపొరుగును పేరుపేరునా పిలుస్తోంది.

లోపలికి పోతే నన్ను గుర్తుపట్టలేదు. "ఎవురి బిడ్డవమ్మా? కాసేపు మాట్లాడి పో" అనింది.

మతి పోయి ఒంటరిదయిందో, ఒంటరిదై మతి పోయిందో నాకు తెలియడం లేదు. వెంటనే బయలుదేరు. లోపల ఆమె గొంతు వినపడితే మాత్రం గడప బయట ఆగవద్దు.