ఏడు గంటల తెర

వల్లరూ,
ఫిబ్రవరి, ఎండలు మండే వారం

చెల్లాయ్ మెర్ల్,

ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఇంకా కలిసే ఉన్నాం. అడిలైడ్‌లో నువ్వూ నీ కుక్కా కులాసా అనుకుంటాను. ఫోన్ చేయవేం అని అడగకు. చెవిలో మిషను పెట్టుకుని ఫోన్ ఎత్తితే కీచుమంటుంది, అది నీ గొంతో దాని గొంతో తెలియదు.

సంగతేమిటంటే, ముందుగది కిటికీ తెర చిరిగింది. మా ఆయన జాక్ పోయేముందు తగిలించాడే, కర్రకు చుట్టుకునే తెర, అదే. పడమటి ఎండ సూటిగా పడి సోఫా సగం నీలం, సగం బూడిదరంగు అయింది. పక్క ఊరు కడీనాలో హార్డ్‌వేర్ కొట్లో రెడీమేడ్ తెర తొంభై డాలర్లు. ఇంటికొచ్చి కొలతలు తీసుకుని చేయించి తెచ్చే మనిషి తొమ్మిది వందలన్నాడు. ఆ డబ్బుకి తెరతోపాటు కిటికీ కూడా ఇస్తాడేమో అడగాల్సింది.

తొందరగా తేల్చాలి. ఎదురింటి క్లారీ పెన్‌రోజ్‌కీ నాకూ ఉన్న ఒప్పందం నీకు తెలుసుగా. ఆయన భార్యా మా జాకూ పోయాక పెట్టుకున్నాం. పొద్దున ఏడయ్యేసరికి ఇద్దరం ముందుగది తెరలు పైకి తీయాలి. ఎవరిదైనా లేవకపోతే అవతలివాళ్ళు వెళ్ళి మనిషి ఉన్నారో పోయారో చూడాలి. ఇప్పుడు నా తెర సగం లేచి ఆగిపోతోంది. అంటే సగం ఉన్నట్టు లెక్క.

కర్టెన్ల కొట్లో జీవితమంతా పనిచేసినదానివి, ఏది కొనాలో చెప్పు.

మీ అక్క
ఈనిడ్

తా.క. చెప్పాక వింటానని మాత్రం అనుకోకు.


అడిలైడ్

అక్కా,

నీ ఉత్తరం అందింది, చదివాను, ఒళ్ళు మండింది. పిండి కొద్దీ రొట్టె అని ఊరికే అన్నారా? ఆ తొంభై డాలర్ల తెరను పైకి చుట్టే స్ప్రింగు నాలుగు రోజులు కూడా పనిచేయదు. గుడ్డకు అంచు కుట్టరు, జిగురుతో అతికిస్తారు. మీ ఊరి సముద్రపు గాలికి అది ఊడి వేలాడుతుంది. చౌక తెరలు కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా మళ్ళీ మా కొట్టుకే వచ్చేవాళ్ళు, నా మొహం చూడకుండా ఇంకెవరితోనో మాట్లాడేవాళ్ళు.

తొమ్మిది వందలదే తీసుకో. కావాలంటే సగం నేనిస్తాను.

నీ మంచి కోరే చెల్లెలు
మెర్ల్

తా.క. నా పెళ్ళికి నువ్వు చౌకలో కొనిచ్చిన కెటిల్ పిడి మొదటి రోజే ఊడింది. నేనింకా మరిచిపోలేదు.


వల్లరూ

చెల్లాయ్,

తొంభై డాలర్లదే కొన్నాను. గుడ్డికన్నా మెల్ల నయం. క్లారీయే వచ్చి తగిలించాడు. టేపు కనిపించక చేపలు పట్టే దారంతో కిటికీ కొలిచాడు. ఒక వేలు వెడల్పు తక్కువైంది, ఆ సందులోంచి ఎండ వచ్చి నా కుర్చీలో నాకంటే ముందే కూర్చుంటోంది.

నువ్వన్నట్టే అయింది, సంతోషించు. మొన్న పొద్దున స్ప్రింగు బిగుసుకుపోయి తెర లేవనంది. నేను కుర్చీ ఎక్కి దాన్ని పీకుతున్నాను. ఇంతలో వంటింటి వైపు ఫెళ్ళుమని చప్పుడు. చూస్తే క్లారీ, పైజామాలో, చేతిలో గడ్డపార. నేను పోయాననుకుని తలుపు గడియ విరగ్గొట్టి వచ్చాడు. నన్ను చూసి "ఉన్నావా?" అన్నాడు. అంతే అన్నాడు కానీ, మొహం తెల్లగా పాలిపోయింది. నేను నైటీలో కుర్చీ మీద నిలబడి ఉన్నాను, సిగ్గేసి మెల్లగా దిగాను.

పాపం, చేపల పటకారుతో స్ప్రింగు విప్పి బాగుచేశాడు. టోస్టూ అత్తిపండు జామూ పెడితే మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళాడు.

మీ అక్క
ఈనిడ్

తా.క. తలుపు బాగుచేయడానికి ఆయనకు వారం పడుతుందట. ఒక్క గడియకి వారమెందుకో నేను అడగలేదు.


అడిలైడ్

అక్కా,

డెబ్బై ఎనిమిదేళ్ళకు కుర్చీలెక్కడమా? గడ్డపారతో తలుపులు విరగ్గొట్టడమా? తెరకు పెట్టినదానికంటే తలుపుకే ఎక్కువయ్యేట్టుంది. నైటీలో ఉండగా పరాయి మగవాడు వచ్చిపడితే నువ్వెంత ఇబ్బంది పడి ఉంటావో నేను ఊహించుకోగలను. చిన్నప్పటినుంచీ నీది అంతే, ఎవరికీ ఏదీ మొహాన చెప్పలేవు.

రసీదు ఉంటే ఆ తెర కొట్టువాడి మొహాన కొట్టు.

నీ చెల్లెలు
మెర్ల్

తా.క. పైజామా ఏ రంగుదో రాయలేదు. ఊరికే అడిగాను.


వల్లరూ,
మార్చి చివర

చెల్లాయ్,

చారల పైజామా.

తెర వెనక్కి ఇచ్చే ప్రశ్న లేదు. వారంలో రెండు మూడు సార్లు బిగుసుకుంటోంది, నిజమే. కానీ క్లారీకి తాళంచెవి ఇచ్చాను కాబట్టి ఇప్పుడు గడ్డపార లేదు. వస్తాడు, స్ప్రింగు చూస్తాడు, టోస్టు తింటాడు, జెట్టీ మీద చేపలేం పడ్డాయో చెబుతాడు. వాళ్ళావిడ వీరా సంగతులు చెబుతాడు, నేను జాక్ సంగతులు చెబుతాను. పోయినవాళ్ళిద్దరూ మంచివాళ్ళయిపోయారు, బతికుండగా అంత కాదు. తెరను దాని మానాన ఉండనీ.

మీ అక్క
ఈనిడ్

తా.క. నిన్న తెర ఒక్క లాగుకే హాయిగా లేచింది. ఏమిటో, రోజంతా ఏమీ తోచలేదు.


అడిలైడ్

అక్కా,

నీ తా.క. చదివి రాత్రంతా నిద్రపట్టలేదు. నీకు ఏమీ తోచకపోవడమా? ఆ దిక్కుమాలిన తెర నీ ఆరోగ్యం మీదికి తెస్తోంది. ఇక నీతో వాదించను. కొలిచి చేసే మనిషికి నేనే డబ్బు కట్టేశాను. మోటారు తెర. గుడ్డ దళసరిది, అంచు కుట్టినది. టైము పెడితే పొద్దున ఏడింటికి తనంతట తానే లేస్తుంది, నువ్వు మంచం దిగనక్కర్లేదు. పదేళ్ళ గ్యారంటీ. తాస్మేనియా వెళ్దామని దాచుకున్న డబ్బులే, నాకంటే నువ్వు ముఖ్యం.

వద్దన్నావంటే నేనూరుకోను.

మెర్ల్

తా.క. ఆ పాతది చెత్తలో పారెయ్యి. ఎవరికీ ఇవ్వకు, పాపం తగులుతుంది.


వల్లరూ,
ఏప్రిల్

చెల్లాయ్,

తెర వచ్చింది. పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా లేస్తుంది. సందులోంచి ఎండ రావడం లేదు. ఇంత డబ్బు నాకోసం పెట్టావు, నిన్నేమనగలను. చాలా బాగుంది.

ఎండాకాలం కోసం ముందుకు జరిపిన గడియారాలను ఈ నెల అందరం గంట వెనక్కి తిప్పుకున్నాం కదా, తెరకు ఎవరూ చెప్పలేదు. ఆరింటికే లేచి కూర్చుంటోంది. ఎదురుగా క్లారీ, నేను అంత పొద్దున్నే లేస్తున్నాననుకుని, పట్టుదలకు పోయి తనూ ఆరింటికే లేచి తెర తీస్తున్నాడు. కళ్ళు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. రోడ్డవతలి నుంచే చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. బాగుచేయడానికి ఏమీ లేదు మరి.

మీ అక్క
ఈనిడ్

తా.క. జామ్ చాలా మిగిలిపోయింది. నీకు పంపనా?


అడిలైడ్,
మే

అక్కా,

గంట తేడా సరిచేయమని ఆ మనిషికి చెప్పాను, వస్తాడు. నీకోసం ఇంకో మంచి పని కూడా చేశాను. క్లారీ గారికి ఫోన్ చేశాను. పెద్దాయన ఆరింటికి లేచి అవస్థపడటం ఎందుకు, అదే వీధిలో రెండో ఇంటికి వేస్తే తగ్గింపు ఉంది, మీరూ ఇలాంటిదే వేయించుకోండి అన్నాను. పనిలో పనిగా, పొద్దున్నే మనుషులు వచ్చిపడుతుంటే మా అక్కకు ఇబ్బందిగా ఉండేది, మొహమాటంకొద్దీ మీకు చెప్పలేకపోయింది, ఇక ఆ బాధ లేదు అని కూడా చెప్పేశాను. ఆయన "అలాగేనమ్మా" అని పెట్టేశాడు. ఎంత మర్యాదస్థుడు!

ఇక ఇద్దరూ నిశ్చింతగా ఉండొచ్చు.

నీ చెల్లెలు
మెర్ల్

తా.క. జామ్ పంపు. నాలుగు సీసాలు.


వల్లరూ,
జూన్ చివర

మెర్ల్,

మోకాళ్ళ సంగతి ఈసారి రాయను. క్లారీ పడిపోయాడు.

నీ ఉత్తరం వచ్చిన రెండో వారంలోనే ఆయన మోటారు తెర పెట్టించుకున్నాడు. నా తాళంచెవి కవరులో పెట్టి నా పోస్టు డబ్బాలో వేశాడు, తలుపు తట్టనైనా లేదు. నాకు కోపమొచ్చింది. నీ ఫోను సంగతి ఆయన దగ్గర ఎత్తడానికి సిగ్గేసింది. అలా వారాలు గడిచాయి. రోజూ ఏడింటికి రెండు తెరలూ ఠంచనుగా లేచేవి.

ఈ నెల మొదటి సోమవారం సాయంత్రం ఆయన స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంగళవారం ఏడింటికి తెర మామూలుగా లేచింది. నేను దానికి టీ కప్పు ఎత్తి చూపించి నా పని చూసుకున్నాను. ఆయన లోపల నేల మీద ఉన్నాడు. ఆ సాయంత్రం చెత్తబండి కోసం వీధిలో చెత్తడబ్బాలన్నీ బయటికొచ్చాయి, నాది రాలేదు. జాక్ పోయినప్పటినుంచీ నాది ఆయనే లాగిపెడతాడు. మాటలు తగ్గాక కూడా ఆ పని మానలేదు. ఇప్పుడు నా డబ్బా కూడా బరువైపోయిందా అని, దులిపేద్దామని రోడ్డు దాటాను. తిట్టడానికి వెళ్ళాను మెర్ల్, చూడటానికి కాదు.

అలా ఆయన్ని కనుక్కుని ఆసుపత్రికి చేర్పించాను. పక్కన కూర్చుంటే తనే అన్నాడు. "ఈనిడ్, ఆ చౌక తెర దానంతటది బిగుసుకోలేదు. మొదటిసారి తప్ప. బాగుచేసినప్పుడల్లా స్ప్రింగు కాస్త పాడుచేసి వచ్చేవాణ్ణి."

ఎందుకని అడిగాను, తెలిసే.

"నీ జామ్ బాగుంటుంది" అన్నాడు.

అప్పుడు నేనూ చెప్పేశాను. చాలా రోజులు ఆ తెర బాగానే లేచేదనీ, నేనే మళ్ళీ కిందికి లాగి, చెవిలో మిషను పెట్టుకుని, ఆయన చెప్పుల చప్పుడు కోసం కూర్చునేదాన్ననీ. ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆయనకు తుంటి పోటెత్తింది, నాకు ఏడుపొచ్చింది. మరి తాళంచెవి ఎందుకు తిరిగిచ్చావంటే, "నీకు ఇబ్బందిగా ఉందని మీ చెల్లెలు చెప్పింది కదా" అన్నాడు.

నిన్ను తిట్టాలని రాయడం లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, కానీ మందు వేసిన చెయ్యి మంచిదే. ఒక్క ముక్క నిజం నీకు రాసుంటే సరిపోయేది. ఈ వయసులో నాకు సిగ్గేమిటి చెప్పు.

క్లారీ కొడుకు రోడ్నీ వచ్చి ఆయన్ని పోర్ట్ లింకన్ తీసుకుపోయాడు, అక్కడి వృద్ధుల ఆశ్రమానికి. మధ్యలో సముద్రపు పాయ, దాని చుట్టూ తిరిగి రోజంతా ప్రయాణం, నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఇల్లు అమ్మకానికి బోర్డు పెట్టారు. కరెంటు ఇంకా తీయలేదు. పొద్దున ఏడింటికి ఆ ఖాళీ ఇంటి తెర లేస్తుంది. ఎదురుగా నాదీ లేస్తుంది. చూడలేక ఆ వేళకి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

పాత తెర నేను పారేయలేదు, షెడ్డులోనే ఉంది. నిన్న దాన్ని విప్పి చూశాను. స్ప్రింగు మీద పటకారు గాట్లు వరసగా ఉన్నాయి.

మీ అక్క
ఈనిడ్

తా.క. జామ్ సీసాలు నీకు పంపడం లేదు, పోర్ట్ లింకన్‌కి పంపాను. నీ తెర గ్యారంటీ కాగితం మళ్ళీ చదివాను. పదేళ్ళదాకా పాడవదట.