కాకికొండ మొన

ఖరగ్‌పూర్,
1961

బావగారికి మీ తమ్ముడి భార్య రాయునది.

రైల్వే వర్క్‌షాపులో పని కోసం మన ఊరి దేముడు లేడూ, అతను ఇక్కడికి వచ్చాడు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కాకికొండ మొన దగ్గర లాంచీ మునిగినప్పుడు మీతోపాటు బతికి బయటపడిన కళాసీ అతనే. నిన్న మా అన్నయ్య అతన్ని భోజనానికి పిలిచాడు. నేను వడ్డిస్తుంటే ముద్ద ముట్టలేదు.

“నీ సేతి కూడు నాకు దిగదమ్మా,” అన్నాడు. “ఆ పొద్దు సుక్కాని నీ పెనిమిటి సేతిలో లేదు. ‘అన్నా, మొనకి దూరంగా పోదాం, నీళ్ల కింద బండలున్నాయి’ అని మొత్తుకున్నాడు. ‘సుట్టూ తిరిగితే సీకటి పడిపోద్ది, నోర్ముయ్’ అని మీ బావే లాంచీని బండల మీదికి తోలినాడు. ఎవులికీ సెప్పొద్దని నాసేత ఒట్టేయించినాడు.”

బావగారూ, ఆ లాంచీని నడిపే సరంగు మీరు. మా ఆయన కర్మ చేసిన రోజున, ‘తమ్ముడే తాగి చుక్కాని పట్టి అందరినీ ముంచేశాడు’ అని ఊరి ముందు ఏడ్చింది మీరే. ఆ మాట నమ్మి, నా భర్త తరఫున మీ కాళ్లు పట్టుకుని క్షమించమని అడిగాను. మీరు నన్ను లేవనెత్తి ఓదార్చారు కూడా. ఆయనతోపాటు పోయినవాళ్ల భార్యలు నా ముఖం చూడకపోతేనే కదా, ఊరు వదిలి అన్నయ్య పంచన చేరాను.

వచ్చే వారం దేముడితో కలిసి వస్తున్నాను. ఆ పోయినవాళ్లందరి ఇళ్లకూ వచ్చి జరిగింది చెబుతానన్నాడు. ఈలోగా మీరే చెప్పుకుంటే మంచిది. నన్ను మాత్రం క్షమాపణ అడగకండి. మీరు అడగవలసిన మనిషి ఆ బండల దగ్గరే ఉండిపోయాడు.

ఇట్లు,
నూకరాజు భార్య