విరిచిన మాత్ర

డాక్టరమ్మ గారికి నమస్కారాలు.

నేను ఆర్మూరు మార్కెట్లో పసుపు నాణ్యం చూసే భూమన్న భార్యను. మా వల్ల ఒక తప్పు జరిగింది.

పాత మందులతో ఆయనకు ఏడుపు తగ్గింది గానీ దేని మీదా మనసు పుట్టలేదు. మెదడులో ఆ ఇష్టం పుట్టే చోటును ఈ కొత్త మాత్ర కదిలిస్తుందని, విరవకుండా మింగాలని మీరు చెప్పారు. మూడు వారాలు అలాగే మింగారు. నిన్న పొద్దున చూస్తే మాత్రను పసుపు కొమ్ములాగా రెండు ముక్కలు చేసి, వెలుతురుకు పట్టి చూస్తున్నారు.

"ఎందుకు ఇరిసినవయ్యా?" అని అరిచాను.

"లోపల రంగు సూడకుండ ఎట్ల మింగాలె?" అన్నారు.

ముక్కలు లాక్కున్నాను. నిన్న మాత్ర వేయలేదు. ఈరోజు వేయాలో వద్దో ఈ ఉత్తరం తెచ్చిన మా బిడ్డ రుచితకు చెప్పండి.

ఇంకో మాట అడగాలమ్మా. ఏడాదిగా ఆయన పసుపు కుప్పల ముందు కూర్చుని కూడా ఒక్క కొమ్ము విరిచి లోపలి రంగు చూడలేదు. రైతు ఏమంటే దానికి తలూపి వచ్చేవారు. అలాంటి మనిషికి లోపల ఏముందో చూడాలనిపించింది. మందు పాడైనట్టా, పనిచేసినట్టా?

ముక్కలు కవరులో పెట్టాను. లోపల ఒట్టి తెలుపే. నేనూ చూశాను.