పొద్దున్నే వినిపించే చప్పుడు

చిరంజీవి అమ్మడికి,

అమ్మ దీవెనలు. నేను క్షేమంగానే ఉన్నాను, మోకాళ్ళే నా మాట వినడం లేదు. నువ్వు, అల్లుడుగారు, బుజ్జిది కులాసాగా ఉన్నారని తలుస్తాను. బుజ్జిదానికి పళ్ళొస్తున్నాయని రాశావు. నీ వేళ్ళు జాగ్రత్త. నీకు పళ్ళొచ్చేటప్పుడు మీ నాన్న చెవి కొరికి పెట్టావు.

ఇక కారు సంగతి. కొత్త నర్సు ఉద్యోగంలో ఇల్లిల్లూ తిరగాలి, దారిలో బుజ్జిదాన్ని దింపాలి, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన నాన్న కారు ఇంకెన్నాళ్ళు నడుస్తుందని అడిగావు. గ్రీజు మావయ్యను పిలిపించాను. చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరే ఆ మెకానిక్కుకి స్థిరపడిపోయింది, పాపం.

"కిలోమీటర్లు చూసి బెదిరిపోకక్కా. ఒకప్పటి బళ్ళు లక్ష దాటితే మూలపడేవి, ఇప్పటివి అలా కాదు. బావగారు మందుల పెట్టెలేసుకుని హైవే మీద ఒకే స్పీడులో తోలారు. వేళకి ఆయిల్ మార్పించారు. ఇంజన్‌కి అంతకన్నా సుఖం ఏముంటుంది?" అన్నాడు.

నిజమే. నా మాత్రలు తేవడం మర్చిపోయేవారు గానీ, దాని ఆయిల్ ఏనాడూ మర్చిపోలేదు.

తర్వాత తాళం తిప్పాడు. చల్లటి ఇంజన్ కాసేపు గలగలమని సర్దుకుంది. అతని మొహం మారింది. "ఇంజన్ లోపల భాగాల్ని తిప్పే చెయిన్ వదులైందక్కా. తెగితే నడిరోడ్డు మీద ఇంజన్ పోతుంది. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తున్నావా? ఇంజన్ వేడెక్కకుండా ఆపేస్తుంటే ఆయిల్ పాడై, చెయిన్ అరిగిపోతుంది."

లేదన్నాను. అబద్ధం చెప్పాను తల్లీ.

మీ నాన్న ఉన్నప్పుడే ఆ గలగల మొదలైంది. చూపించాలి అంటూనే వెళ్ళిపోయారు. తెల్లవారుతూనే ఆయన బండి తీసేటప్పుడు, పక్క మీద ఆ చప్పుడు విని మళ్ళీ కళ్ళు మూసుకునేదాన్ని. ఆయన పోయాక ఇల్లు నన్ను మింగేసేలా ఉండేది. అందుకే రోజూ పొద్దున్నే వెళ్ళి కారులో కూర్చుంటున్నాను. డ్రైవర్ సీట్లో కాదు, పక్క సీట్లో. కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి తాళం తిప్పుతాను. గలగలమంటుంది. "జాగ్రత్తండీ, తొందరగా వచ్చేయండి" అంటాను. ఆపేసి లోపలికొస్తాను. పిచ్చిదాన్నయ్యానని నువ్వు భయపడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

"చెయిన్ మారిస్తే ఆ చప్పుడు పోతుందా?" అని అడిగాను.

"పూర్తిగా పోతుందక్కా! ఇంకో లక్ష హాయిగా తిరుగుతుంది" అన్నాడు సంబరంగా.

ఇంట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. వెనక సీట్లో కూర్చోబోయేది బుజ్జిది. మార్చమన్నాను.

ఈ పొద్దున మళ్ళీ పక్క సీట్లో కూర్చున్నాను. కళ్ళు మూసుకుని తాళం తిప్పాను. ఏమీ వినబడలేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ తిప్పాను. నడుస్తున్న ఇంజన్ కీచుమని అరిచింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను.

డ్రైవర్ సీట్లో ఎవరూ లేరమ్మా.

ఆదివారం వచ్చి కారు తీసుకెళ్ళు. కొంతదూరం రమ్మని మాత్రం నన్ను అడగకు. పక్క సీట్లో నేనింక కూర్చోలేను.

బుజ్జిదానికి ముద్దులతో,

ఇట్లు,
మీ అమ్మ