మగ్గం గుంతలో బ్రేకు పెడల్

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ధర్మవరం ఇంట్లో మగ్గం విప్పేశాం. నువ్వు కాళ్లు పెట్టుకుని మగ్గం తొక్కిన గుంత మాత్రం ఉంది. నా రేసింగ్ గేమ్‌కు కొత్త బ్రేకు పెడల్ కొన్నాను. బలమంతా పెట్టి తొక్కితేనే పనిచేస్తుంది. అలా తొక్కితే నున్నటి బండల మీద జారిపోతోంది. అందుకే గుంతలోకి దించి, గోడకు ఆనించి బిగించాను.

మామ సిమెంటు మూటతో వచ్చాడు. "ఏమ్మే, ఆడపిల్లకు కార్ల ఆటలేంది? గుంత పూడ్చేస్తాం, లెయ్."

"లెయ్యను మామా. పూడిస్తే కాళ్లు యాడ పెట్టుకోవాల?"

నేత నేర్పేటప్పుడు "కాళ్లకల్లా చూడగాకు, పోగు తెగుతాది" అని కసిరేవాడివి. ఇవాళ ఆట ఆడినంతసేపూ నేను ఒక్కసారీ కిందికి చూడలేదు. కారు ఏ మలుపులోనూ రోడ్డు దిగలేదు.

నీ మడమలు అరగదీసిన పల్లంలోనే నా మడమలున్నాయి. పూడ్చేవాళ్లు నా కాళ్లతో సహా పూడ్చాలి.