ఈ ఏడు తద్దినానికి రావద్దు

చి. త్రినాథుకి అమ్మ ఆశీస్సులు.

మీ నాన్నగారి తద్దినం పెట్టమని మూడేళ్ళలో నీకు తొమ్మిదిసార్లు చెప్పాను. చివరిసారి నువ్వు ఫోన్ పెట్టేశావు, ఇంటికి రావడం కూడా మానేశావు. అందుకే ఈ ఉత్తరం. చివరిదాకా చదువు.

ఆదివారం నీ కూతురు లాస్య నన్ను సినిమాకి తీసుకెళ్ళింది. అందులో ఒక తండ్రి కొడుకుని బెల్టుతో కొడతాడు. పెద్దయ్యాక ఆ కొడుకు తండ్రి ముఖం చూడనంటే, తల్లి "ఎంతైనా కన్నతండ్రి కదరా" అంటుంది. లాస్య హాలంతా వినపడేలా, "నానమ్మా, ఈవిడ అచ్చం నీలాగే అంటంది! నాన్నతో నువ్వూ ఇదే కదేటి అన్నావు?" అంది. వెనక సీట్లో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన నిన్ను కొట్టేటప్పుడు నేను వీధివైపు కిటికీ మూసేదాన్ని, పక్కవాళ్ళకి వినపడకూడదని. ఆయన చెయ్యి మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు. ఆ తప్పు నాది.

ఈ ఉదయం పంతులుగారికి ఫోన్ చేసి, తిథినాడు బియ్యం, కూరలు నేనే స్వయంపాకం ఇస్తానని చెప్పాను.

"అబ్బాయి రాడేటమ్మా?" అన్నారు.

"నేనే రావద్దన్నాను" అన్నాను.

ఆ మాట అన్నాక నా మనసు తేలికపడింది. మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా నిద్రపోయాను.

తద్దినం రోజు నువ్వు ఎప్పటిలాగే స్టీలుప్లాంటు డ్యూటీకి వెళ్ళు. తరవాతి ఆదివారం భోజనానికి రా. ఆయన ఫొటో ముందుగదిలోంచి తీసి నా గదిలో పెట్టుకున్నాను. రాలేనన్నా కోప్పడను. వస్తే మాత్రం పన్నెండున్నరకల్లా రా, వంజరం చేపల పులుసు చల్లారితే బాగుండదు.

మీ అమ్మ