శనికి ఉంగరం, కంటికి పాలిష్

నవంబరు 9, ఆదివారం

టెలిస్కోపు వచ్చింది. కొడుకు కొన్నాడు. ఇకనుంచి మనుషుల్ని వదిలేసి చుక్కల్ని ఏడిపించు నాన్నా అన్నాడు. చుక్కలైతే వచ్చి నాకు కంప్లయింటు చెయ్యవు కదా మామయ్యా అని కోడలు ఇంకో మాట తగిలించింది.

స్టాండు బిగించేసరికి సాయంత్రమైంది. కొన్ని స్క్రూలు మిగిలాయి. జేబులో వేసుకుని ఎవరికీ చెప్పలేదు.

అదే రోజు, రాత్రి 9

మొదటి రాత్రి కదా అని అందరినీ డాబా మీదకి పిలిచాను. కింద వాటాలో ఒక్కడే ఉండే పోస్టుమాస్టరు కూడా వచ్చాడు. రిటైరయినా చొక్కాకి ఇస్త్రీ, మొహానికి ఇస్త్రీ. ఆయన్ని చూస్తే నా చేతులు ఊరుకోవు. కన్ను పెట్టే చోట రబ్బరుంటుంది. దాని చుట్టూ బూటు పాలిష్ రాశాను. పెద్దమనిషి, ముందు మీరే అన్నాను. గట్టిగా పెట్టండి సారూ, చందమామ బాగా లోపలుంది అన్నాను. పాపం, గట్టిగానే పెట్టాడు. తల ఎత్తగానే మనవరాలు ఫోను లైటు వేసింది. కన్ను చుట్టూ నల్లటి సున్నా.

నేనొక్కణ్ణే నవ్వాను. ఆయన చేతిరుమాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచేకొద్దీ పాకింది. మెట్లు దిగిపోయాడు. కోడలు ఛ అంది. నీకు బుద్ధెప్పుడొస్తుంది తాతయ్యా అంది మనవరాలు. అందరూ దిగిపోయారు.

మా ఆవిడుంటే పాలిష్ ఉందని తెలిసే కన్ను పెట్టేది. బతికినంత కాలం అలా తెలిసి తెలిసి మోసపోయింది. రెండేళ్ళయింది పోయి. ఇప్పుడు ఇష్టపడి మోసపోయేవాళ్ళెవరూ లేరు.

రబ్బరు తుడిచేసి, ఏం తోచక, పసుపు రంగు చుక్క ఒకటుంటే అటు తిప్పాను. అమ్మబాబోయ్. చిన్న బొట్టు, దాని చుట్టూ ఉంగరం. మనవరాలి పుస్తకంలో బొమ్మ అచ్చం ఇలాగే ఉంది. శని! ఎవరో కత్తిరించి అతికించినట్టున్నాడు. నా ఏలినాటి శనీ అని తిట్టేది ఆవిడ నన్ను. ఇంత బాగుంటాడని తెలిసే తిట్టిందేమో.

మెట్ల దగ్గరికెళ్ళి అరిచాను. రండర్రా, నిజం, ఒట్టు అని. ఈసారి ఎవరి కంటికి మామయ్యా అని కింద నుంచి కోడలు. తర్వాత తలుపు చప్పుడు.

నవంబరు 10

నలుగురినీ పిలిచాను. నలుగురికీ పనులున్నాయి.

నవంబరు 11

మబ్బు. పోస్టుమాస్టరు మెట్ల మీద ఎదురయ్యాడు. పక్కకి తప్పుకున్నాడు, రంగు ఆరని గోడని తప్పుకున్నట్టు.

నవంబరు 13

మనవరాల్ని బతిమాలి పైకి తెచ్చాను. ముందు నా చేతే కన్ను పెట్టించి, మొహం మీద లైటు వేసి చెక్ చేసింది. అబ్బో, ఇన్‌స్పెక్టరు! తీరా తను చూస్తే లోపలంతా చీకటి. ఏదీ అంది. ఇప్పుడే ఉన్నాడే అన్నాను. మళ్ళీ మొదలెట్టావా అని దిగిపోయింది.

వెతికితే పక్కకి జరిగి ఉన్నాడు. నిమిషం ఆగడు వెధవ. మనిషిని పిలుచుకొచ్చేలోపు జారుకుంటాడు. జన్మకో నిజం చెబితే సాక్షి పారిపోయాడు.

నవంబరు 14

ఇన్నేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి, నాకిది తట్టలేదేంటి? కదిలే బస్సు వెనక పరిగెత్తకూడదు. ముందు స్టాపులో నిలబడాలి. గొట్టాన్ని శని ఉన్న చోటికి కాదు, రాబోయే చోటికి తిప్పి వదిలేశాను. నేను ముట్టుకోకుండానే అంచు నుంచి మెల్లగా ఎక్కాడు. రైట్ రైట్ అన్నాను. వినడానికి ఎవరూ లేరు.

దిగివచ్చి పోస్టుమాస్టరు తలుపు కొట్టాను. నోరు తెరిస్తే జోకే వస్తుందని భయమేసింది. రేపు ఏడింటికి పైకి రండి సారూ అని మాత్రం అన్నాను. ఆయన నా చేతుల వంక చూశాడు. అటూ ఇటూ తిప్పి చూపించాను. చూద్దాం అని తలుపేసుకున్నాడు.

నవంబరు 15

వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ఆ చప్పుడు వింటూ గొట్టం సర్ది పెట్టాను. కుర్చీ వేశాను. చాలాసేపు రబ్బరు వంక అనుమానంగా చూసి, కన్ను పెట్టాడు. ఏం లేదిక్కడ అన్నాడు. ఉండండి, బస్సొస్తోంది అన్నాను.

ఆయన ఊపిరి ఆగడం నాకు వినిపించింది. శని దాటిపోయేదాకా తల ఎత్తలేదు. మళ్ళీ సర్దించుకుని మళ్ళీ చూశాడు. ఇన్నాళ్ళూ ఇది మన నెత్తి మీదే ఉందా అన్నాడు.

తర్వాత చేతిరుమాలు తీసి రబ్బరు శుభ్రంగా తుడిచాడు. ఇక మీరు చూడండి అన్నాడు. వంగాను. పాలిష్ వాసన గుప్పుమంది. గట్టిగా పెట్టండి సారూ అన్నాడు.

గట్టిగానే పెట్టాను.

అదే రోజు, రాత్రి 10

కోడలు నన్ను చూసి గోడ పట్టుకుని నవ్వింది. మొహం కడుక్కోలేదు. ఇలాగే పడుకుంటాను.